అమ్మానాన్నలతో హాంబర్గ్: కోటలు వద్దన్న నాన్నకు ఏం చూపించాలి?

కృష్ణాతీరం (మే 4)

అందరికీ నమస్కారం. ఆరేళ్ళుగా జర్మనీలో, కాసెల్‌లో ఉంటున్నాను. జూన్‌లో అమ్మానాన్నలు నెల రోజుల కోసం వస్తున్నారు. ఇది వారికి రెండో రాక. రెండేళ్ళ క్రితం వచ్చినప్పుడు కోటలు, చర్చిలు, రాళ్ళు పరిచిన పాత వీధులు కళ్ళనిండా చూపించాను. ఈసారి విమానం టికెట్లు తీయకముందే నాన్న ఫోనులో చెప్పేశారు: "రాజులు బతికిన చోట్లు చూశాను తల్లీ. ఇప్పుడు మనుషులు బతుకుతున్న ఊరొకటి చూపించు. పెద్ద ఊరు, పనులు జరిగే ఊరు."

హాంబర్గ్ అనుకుంటున్నాను. మూడు రాత్రులు ఉంటాం. నాన్నకు 67 ఏళ్ళు, బాగా నడుస్తారు, పడవలన్నా నీళ్ళన్నా చూపు తిప్పుకోలేరు. అమ్మకు మోకాళ్ళ నొప్పులు, మెట్లు కష్టం, శాకాహారి. నేనూ ఆ ఊరికి ఒక్కసారే వెళ్ళాను, అదీ ఆఫీసు పని మీద. క్రేన్లు, గాజు భవనాలు తప్ప నాకేమీ గుర్తు లేదు. తెలిసినవారు దారి చూపగలరా?

రైన్‌గాలి (మే 4)

నా మాట విని హాంబర్గ్ మానుకోండి. జూన్‌లో కూడా తుంపర పడుతూనే ఉంటుంది, గాలి ఎముకలు కొరుకుతుంది. పాత ఊరంటూ పెద్దగా మిగలలేదు. 1842 అగ్నిప్రమాదంలో కొంత, 1943 బాంబుదాడుల్లో చాలావరకు పోయింది. పెద్దవాళ్ళకు ఫోటోలు కావాలి, బంధువులకు చూపించుకునే దృశ్యాలు కావాలి. రోతెన్‌బుర్గ్ గాని, రైన్ లోయ గాని తీసుకెళ్ళండి. అక్కడ జర్మనీ జర్మనీలా కనిపిస్తుంది.

ఎల్బెగట్టు (మే 5)

రైన్‌గాలి గారూ, చివరి మాటతో ఒప్పుకోలేను. జర్మనీలో ఎక్కువమంది బతికేది బొమ్మల్లాంటి ఊళ్ళలో కాదు. కూలిపోయి మళ్ళీ కట్టుకున్న ఊళ్ళలో. ఆ నాన్నగారు అడిగింది సరిగ్గా అదే.

పదకొండేళ్ళుగా ఈ ఊళ్ళో ఉంటున్నాను. కృష్ణాతీరం గారూ, హాంబర్గ్‌ను రోడ్ల మీద చూస్తే ఏ పెద్ద ఊరైనా ఇలాగే ఉంటుందనిపిస్తుంది. నీళ్ళ మీది నుంచి చూడండి. ఇది సముద్రపు ఒడ్డున ఉన్న రేవు కాదు. ఎల్బె నది మీద, సముద్రానికి నూరు కిలోమీటర్లకు పైగా లోపల ఉంది. అయినా ఆటుపోట్లు ఇక్కడిదాకా వస్తాయి. రోజుకు రెండుసార్లు నది మూడున్నర మీటర్లకు పైగా లేచి దిగుతుంది. పొద్దున పడవ మీ కళ్ళకు ఎదురుగా ఉంటే, మధ్యాహ్నానికి కాళ్ళ కింద ఉంటుంది.

మొదట లాండుంగ్స్‌బ్రూకెన్ అనే పడవల రేవుకు వెళ్ళండి. అక్కడ 62వ నంబరు పడవ ఎక్కండి. అది యాత్రికుల పడవ కాదు, సిటీ బస్సు లాంటిది. మామూలు సిటీ టికెట్టే చాలు. ఎల్బె ఒడ్డు వెంబడి ఫిన్‌కెన్‌వెర్డర్ దాకా వెళ్తుంది. ఆ దరినే ఎయిర్‌బస్ కర్మాగారం. ఎ320 తరగతి విమానాలు అక్కడ తయారవుతాయి. సాయంత్రం పూట పని ముగించుకొని వచ్చే వాళ్ళతో పడవ నిండుతుంది, వారిలో మన తెలుగు ఇంజనీర్లూ కనిపిస్తారు. దారిలో ఒక పక్క ఇసుక తీరం, ఎదుటి పక్క కంటెయినర్ ఓడలు, వాటి మీద వంగిన క్రేన్లు. నాన్నగారికి నచ్చకపోతే నన్ను అడగండి.

ఒక్క జాగ్రత్త. ఆ రేవు తేలే దిమ్మెల మీద కట్టారు. ఒడ్డు నుంచి దిమ్మెల మీదికి వేసిన వంతెనలు నీటితోపాటే లేస్తాయి, వాలుతాయి. పాటు సమయంలో, అంటే నీళ్ళు దిగినప్పుడు, వాలు బాగా ఎక్కువ. పోటు సమయంలో, అంటే నీళ్ళు లేచినప్పుడు, దాదాపు చదును. అమ్మగారి మోకాళ్ళ కోసం పోటు వేళ చూసుకొని వెళ్ళండి. ఆటుపోట్ల వేళలు ఫోనులోనే దొరుకుతాయి.

తరువాత స్పైషర్‌స్టాట్, అంటే గిడ్డంగుల ఊరు. 1883 నుంచి కాలువల మీద వేలాది దుంగలు దిగేసి ఎర్ర ఇటుకలతో కట్టారు. కాఫీ, తేయాకు, మిరియాలు, తివాచీలు ఇక్కడ నిల్వ ఉండేవి. అందుకోసం ఆ దీవుల మీద బతుకుతున్న దాదాపు ఇరవై వేల మందిని ఖాళీ చేయించారన్న సంగతి కూడా తెలుసుకొని చూడండి. 2015లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. ఒక్కో గిడ్డంగికి రెండు ముఖాలు: ఒకటి వీధివైపు, ఒకటి కాలువవైపు. పైకప్పు కింద ఇప్పటికీ సరుకు ఎత్తే కప్పీలు వేలాడుతుంటాయి.

దాని పక్కనే హాఫెన్‌సిటీ. 157 హెక్టార్ల పాత రేవు నేల మీద కొత్తగా లేస్తున్న ఊరు. ఆ చివర ఎల్ప్‌ఫిల్హార్మోనీ సంగీత మందిరం. కింద 1960ల నాటి కోకో గిడ్డంగి, దాని నెత్తిన అలల్లా లేచిన గాజు, మొత్తం 110 మీటర్లు. ప్రజల సొమ్ము 77 మిలియన్ యూరోలతో అయిపోతుందని మొదలుపెట్టి 789 మిలియన్ల దగ్గర తేల్చారు. 2010లో తెరవాల్సింది 2017 జనవరిలో తెరిచారు. ఊరంతా ఏళ్ళ తరబడి కోపంగా ఉంది. ఇప్పుడు అదే ఊరు చుట్టాలు రాగానే మొదట అక్కడికే తీసుకెళ్తుంది, నేనూ అంతే. 37 మీటర్ల ఎత్తులో చుట్టూ తిరిగి చూసే వసారా ఉంది, ప్లాజా అంటారు. అక్కడికి వెళ్ళే ఎస్కలేటర్ 82 మీటర్ల పొడవు. మధ్యలో వంపు తిరిగి ఉండటంతో ఎక్కినప్పుడు చివర కనిపించదు. అమ్మగారికి భయమనిపిస్తే లిఫ్టు ఉంది.

హార్బుర్గ్‌విద్యార్థి (మే 5)

అక్కా, నేను ఇక్కడ సాంకేతిక విశ్వవిద్యాలయంలో ఎం.ఎస్. చేస్తున్నాను. ఎల్బెగట్టు అన్నయ్య చెప్పనివి కొన్ని చెబుతాను.

తిరుగు ప్రయాణం ఇక్కడి విమానాశ్రయం నుంచే అయితే ఇది తప్పక గుర్తుంచుకోండి. ఊళ్ళో నుంచి ఎస్1 రైలు ఎక్కుతాం కదా, అది ఓల్స్‌డోర్ఫ్ స్టేషన్‌లో రెండుగా విడిపోతుంది. ముందు మూడు పెట్టెలు మాత్రమే విమానాశ్రయానికి వెళ్తాయి. వెనుక మూడు పెట్టెలు పోపెన్‌బ్యూటెల్ వైపు వెళ్ళిపోతాయి. మొదటి సెమిస్టరు సెలవులకు ఇంటికి బయల్దేరినప్పుడు నేను రెండు పెద్ద సూట్‌కేసులతో వెనుక బోగీలో కూర్చున్నాను. రైలు ఓల్స్‌డోర్ఫ్‌లో ఆగింది. ఎదురుగా ఉన్న ఒక పెద్దావిడ నా సూట్‌కేసుకు వేలాడుతున్న విమాన సంస్థ చీటీ చూసి గబగబా లేచి, ఒక సూట్‌కేసు తానే పట్టుకొని, నన్ను ముందు పెట్టెల దాకా పరుగెత్తించింది. తలుపులు మూసుకునేలోపు ఎక్కాను. ఆమె మళ్ళీ తన బోగీకి చేరుకుందో లేదో చూడలేకపోయాను. ఇప్పటికీ ఆ స్టేషన్ రాగానే ఆమె గుర్తొస్తుంది.

టికెట్ల సంగతి: ఎక్కడా గేట్లు ఉండవు, కాని తనిఖీ ఎప్పుడైనా రావచ్చు. టికెట్టు లేకపోతే 60 యూరోల జరిమానా. మీకు డాయ్చ్‌లాండ్‌టికెట్ (దేశమంతా చెల్లే నెలసరి టికెట్టు) ఉంటే ఇక్కడి బస్సు, మెట్రో, 62వ నంబరు పడవ అన్నిటికీ చెల్లుతుంది. 2025లో అది నెలకు 58 యూరోలు. అమ్మానాన్నలు నెలంతా ఉంటారు కాబట్టి వారికీ తీసుకుంటే మంచిదే. అయితే అది చందా పద్ధతి, నెలలో 10వ తేదీలోపు రద్దు చెప్పకపోతే వచ్చే నెలకూ డబ్బు పోతుంది.

ఆదివారం దుకాణాలు మూసేస్తారు, పాలు పెరుగు శనివారమే కొనిపెట్టుకోండి. నీళ్ళ సీసాలు పారేయకండి, ఒక్కోదానికి 25 సెంట్లు వెనక్కి వస్తాయి. కుళాయి నీళ్ళు నిక్షేపంగా తాగొచ్చు.

పప్పుచారు (మే 6)

తిండి సంగతి నేను చెబుతానండి, అమ్మగారు శాకాహారి అన్నారు కాబట్టి.

పెద్ద స్టేషన్ వెనుక స్టైన్‌డమ్ అనే వీధి ఉంది. అఫ్గాన్, తుర్కీ, భారతీయ సరుకుల కొట్లు వరుసగా ఉంటాయి. కరివేపాకు, పచ్చిమిర్చి, కందిపప్పు దొరుకుతాయి. వంటగది ఉన్న బస తీసుకుంటే రాత్రి పూట చారు అన్నం వండుకోవచ్చు. మూడు రోజులు బ్రెడ్డు తిని పెద్దవాళ్ళు నీరసపడటం చూశాను, అందుకే చెబుతున్నాను. పగటికి ఫలాఫెల్, బంగాళాదుంప వంటకాలు ఎక్కడైనా దొరుకుతాయి.

ఫ్రాంట్స్‌బ్రొట్‌షెన్ అని వెన్న, దాల్చినచెక్క, చక్కెర వేసి పొరలు పొరలుగా చుట్టి నొక్కిన రొట్టె ఒకటి ఉంది. ఇది ఈ ఊరి సొంతం. పొద్దున్నే పొయ్యి మీది నుంచి దిగినప్పుడు అంచు పెళుసుగా, నడుమ మెత్తగా, వేలికి చక్కెర పాకం అంటుకుంటుంది. గుడ్డు వేశారా అని మాత్రం కొట్లో అడగండి.

ముఖ్యమైన మాట: భోజనశాలలో ఆల్స్టర్‌వాసర్ అని రాసి ఉంటుంది. పేరుకు "ఆల్స్టర్ నీళ్ళు". అందులో ఉండేది బీరు, నిమ్మసోడా. మా అత్తగారికి నీళ్ళనుకొని ఎవరో తెప్పించారు. ఆమె ఒక గుక్క తాగాక ఎంత బాధపడ్డారో నాకు తెలుసు. గ్యాసు లేని నీళ్ళు కావాలంటే "ష్టిల్లెస్ వాసర్" అని అడగండి.

గుడికి వెళ్ళాలనుకుంటే అఫ్గానిస్తాన్ నుంచి వలస వచ్చిన హిందువులు కట్టుకున్న మందిరం ఉంది. దేశం వదిలి వచ్చినవారు దేవుణ్ణి వెంట తెచ్చుకున్నారు. నేను వెళ్ళినప్పుడు ఆదరంగా భోజనం పెట్టారు.

మదనపల్లెవాసి (మే 7)

ఈ చర్చలో ఒక సంగతి రాకపోతే నా మనసు ఒప్పదు.

ఊరి నడుమ ఆల్స్టర్ సరస్సు ఒడ్డున 1909లో తెరిచిన అట్లాంటిక్ హోటలు ఉంది, తెల్లగా ఓడలా కనిపిస్తుంది. 1942 సెప్టెంబర్ 11న అక్కడ జర్మన్-ఇండియన్ సొసైటీ ప్రారంభ సభ జరిగింది. సుభాష్ చంద్రబోస్ ఉన్న ఆ సభలో "జనగణమన"ను జాతీయగీతంగా వాద్యబృందం వాయించింది. మన రాజ్యాంగసభ దాన్ని జాతీయగీతంగా స్వీకరించింది 1950 జనవరి 24న. అంటే దానికి ఏడేళ్ళకు పైగా ముందే ఆ గీతం ఆ హోదాతో పరాయి గడ్డ మీద మోగింది.

ఆ గీతాన్ని రవీంద్రులు ఇంగ్లీషులోకి అనువదించుకున్నది 1919 ఫిబ్రవరిలో మా మదనపల్లెలో, బిసెంట్ దివ్యజ్ఞాన కళాశాలలో. స్వరలిపి రాయడానికి అక్కడి ప్రిన్సిపాల్ భార్య మార్గరెట్ కజిన్స్ తోడ్పడ్డారు. మా ఊరి కాలేజీ ఆవరణ చూసి పెరిగినవాణ్ణి, ఆ హోటలు ఎదురుగా నిలబడినప్పుడు నోట మాట రాలేదు. లోపలికి వెళ్ళనక్కర్లేదు. సరస్సు ఒడ్డున బల్లలున్నాయి, అమ్మానాన్నలను కూర్చోబెట్టి ఈ కథ చెప్పండి.

ఇంకొకటి. బోస్ వెంట జర్మనీలో పనిచేసిన ఆబిద్ హసన్ హైదరాబాదు వారు. 1943 ఫిబ్రవరిలో ఈ ఊరికి ఉత్తరాన ఉన్న కీల్ రేవు నుంచి జలాంతర్గామిలో బోస్ బయల్దేరినప్పుడు వెంట వెళ్ళిన భారతీయుడు ఆయనొక్కరే.

రాగిఫలకం (మే 7)

మదనపల్లెవాసి గారూ, మీ గర్వం నాకూ ఉంది. కాని ఆ ఏళ్ళలో ఆ ఊళ్ళో ఇంకేం జరిగిందో పక్కనే చెప్పకపోతే కథ సగమే అవుతుంది.

హాఫెన్‌సిటీలో లోజెపార్క్ అని పొడవైన ఉద్యానం ఉంది. అక్కడ ఒకప్పుడు హనోవర్ స్టేషన్ ఉండేది. 1940 నుంచి 1945 దాకా నాజీలు ఎనిమిది వేల మందికి పైగా యూదులను, సింటీ, రోమా ప్రజలను అక్కడి నుంచే రైళ్ళలో చావుకు తరలించారు. 2017లో స్మారకం తెరిచారు. పాత రైలుమార్గం ఉన్న చోట నేలలో కోత పెట్టినట్టు ఒక బాట వదిలారు. అది పాత ప్లాట్‌ఫారం ముక్క దాకా వెళ్తుంది. అక్కడ పేర్లు రాసి ఉన్నాయి. చుట్టూ కొత్త అపార్టుమెంట్లు, పిల్లలు బంతి ఆడుకుంటుంటారు. ఆ రెంటినీ ఒకే చోట ఉంచడం నాకు గొప్ప నిజాయితీగా అనిపించింది.

కాలిబాటల్లో కూడా చూస్తూ నడవండి. ఇళ్ళ ముందు అరచేయంత ఇత్తడి పలకలు పొదిగి ఉంటాయి. గుంటర్ డెమ్నిగ్ అనే కళాకారుడు 1992లో మొదలుపెట్టిన పని. "ఇక్కడ నివసించారు" అని మొదలై, పేరు, పుట్టిన సంవత్సరం, ఎప్పుడు తీసుకెళ్ళారు, ఎక్కడ చంపారు అని ముగుస్తుంది. ఈ ఊళ్ళోనే ఆరు వేలకు పైగా ఉన్నాయి. చదవాలంటే వంగాలి. తల వంచకుండా చదవలేరు.

మదనపల్లెవాసి (మే 7)

రాగిఫలకం గారూ, ఒప్పుకుంటున్నాను. హోటలు దగ్గర నిలబడినప్పుడు నాకు ఆ స్టేషన్ సంగతి తెలియదు. మళ్ళీ వెళ్తే రెండు చోట్లకూ వెళ్తాను.

కృష్ణాతీరం (మే 8)

ఇంత ఓపికగా రాసిన మీ అందరికీ ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. ఒక్క సందేహం.

ఎల్బెగట్టు గారు ఆటుపోట్ల గురించి రాసింది చదివి, ఊరి గురించి ఇంకాస్త వెతికాను. 1962లో ఇక్కడ ఉప్పెన వచ్చిందని, ఆ గుర్తులు ఊరంతా ఉన్నాయని తెలిసింది. మాది నాగాయలంక దగ్గర. దివిసీమ ఉప్పెన వచ్చిన 1977 నవంబర్ 19 నాటికి నాన్నకు 19 ఏళ్ళు. ఆ రాత్రి గురించి ఆయన ఇంట్లో ఎప్పుడూ మాట్లాడలేదు. మా చిన్నత్త ఆ రాత్రే పోయిందని నానమ్మ చెబితే తెలిసింది, అంతే. నీళ్ళంటే ఇష్టమని పడవ ఎక్కించబోతున్నాను, కాని ఆ గుర్తులు ఆయన కంట పడితే ఏమవుతుందో అని భయంగా ఉంది. అటు వెళ్ళకుండా తిప్పుకురావడం మంచిదా?

ఎల్బెగట్టు (మే 8)

మీరు అడిగేదాకా ఆ సంబంధం నాకు తట్టలేదు. తెలిసింది చెబుతాను, నిర్ణయం మీది.

1962 ఫిబ్రవరి 16 రాత్రి ఉత్తర సముద్రం మీది తుపాను గాలి నీటిని ఎల్బెలోకి తోసింది. అర్ధరాత్రి దాటాక కరకట్టలు సుమారు 60 చోట్ల తెగాయి. ఊళ్ళో 315 మంది పోయారు, వారిలో 200 మందికి పైగా విల్‌హెల్మ్స్‌బుర్గ్ దీవి వాళ్ళే. యుద్ధంలో ఇళ్ళు పోయి తోటల్లో గుడిసెలు వేసుకొని బతుకుతున్నవారు, నిద్రలో ఉన్నవారు. తుపాను హెచ్చరిక ఉంది కాని, సముద్రానికి అంత దూరంలో ఉన్న తమ వాకిట్లోకి నీళ్ళు వస్తాయని వాళ్ళు అనుకోలేదు. అప్పుడు ఊరి పోలీసు వ్యవహారాలు చూస్తున్న హెల్మూట్ ష్మిట్, రాజ్యాంగం అనుమతించకపోయినా సైన్యాన్ని, హెలికాప్టర్లను పిలిపించి మనుషులను ఇళ్ళ కప్పుల మీది నుంచి తీయించారు. తరువాత ఆయనే దేశానికి చాన్సలర్ అయ్యారు.

ఆ రాత్రి నీటి మట్టం 5.70 మీటర్లు. 1976 జనవరిలో మళ్ళీ వచ్చిన ఉప్పెన 6.45 మీటర్లు, ముందటి దానికంటే ఎక్కువ. అయినా 1962 నాటి ఘోరం జరగలేదు. ఎందుకంటే మధ్యలో పద్నాలుగేళ్ళు వాళ్ళు కట్టలు ఎత్తు పెంచుతూనే ఉన్నారు.

ఈ ఊరి ఆధునికత అంటే నాకు గాజు భవనం కాదండి, ఇదే. హాఫెన్‌సిటీ కరకట్టకు బయట, నదివైపు ఉంది. దానికి గోడ కట్టలేదు. వీధులను, ఇళ్ళను మట్టి దిబ్బల మీద ఎనిమిది తొమ్మిది మీటర్ల ఎత్తుకు లేపారు. నీటి పక్కన నడిచే బాటలు మాత్రం కిందే వదిలేశారు, పెద్ద పోటుకు అవి మునుగుతాయి. కింది అంతస్తుల్లోని కొట్లకు ఉక్కు తలుపులుంటాయి, హెచ్చరిక రాగానే మూసేస్తారు. గిడ్డంగుల వైపు నుంచి ఎత్తుగా వేసిన వంతెన ఉంది. వీధి మునిగినా దాని మీదుగా మనుషులు బయటపడొచ్చు, అంబులెన్సు రావచ్చు.

లాండుంగ్స్‌బ్రూకెన్ నుంచి బౌమ్‌వాల్ దాకా నది ఒడ్డున వెడల్పాటి మెట్ల వరుసలు చూస్తారు. జనం కూర్చొని ఐస్‌క్రీం తింటుంటారు. అది వాస్తుశిల్పి జహా హదీద్ సంస్థ రూపకల్పన చేసిన కరకట్ట. 2019లో పూర్తయింది. సముద్రమట్టానికి సుమారు 8.6 నుంచి 8.9 మీటర్ల ఎత్తు. చెప్పకపోతే అది కట్ట అని తెలియదు. పైకి వెళ్ళడానికి ఎటవాలు దారులున్నాయి, అమ్మగారు మెట్లెక్కనక్కర్లేదు.

బందరుకోట (మే 9)

అమ్మా కృష్ణాతీరం, నేను మీ నాన్నగారి ఈడువాణ్ణే. 1977లో బందరులో ఉన్నాను. ఆ తరువాతి వారం కోడూరు వైపు బియ్యం మూటలు మోసుకెళ్ళిన కుర్రాళ్ళలో నేనొకణ్ణి. ఆ వారం చూసింది నా పిల్లలకు కూడా చెప్పలేదు. చెప్పకూడదని కాదు. అడిగినవాళ్ళు లేరు. "ఎందుకులే, బాధపడతారు" అని ఇంట్లో వాళ్ళు అడగరు, "ఎందుకులే, భయపడతారు" అని మేము చెప్పం. అలా యాభై ఏళ్ళు కావస్తోంది.

ఆ రాత్రి పది వేల మందికి పైగా పోయారమ్మా. తుపాను షెల్టర్లు లేచింది ఆ తరువాతే. ఆయన్ను దారి మళ్ళించవద్దు. తీసుకెళ్ళి, ఎల్బెగట్టు గారు చెప్పిన ఆ లెక్కలు ఉన్నవి ఉన్నట్టు చెప్పండి. 5.70, 6.45. ఆయన లెక్కలు అర్థం చేసుకునే మనిషి అయి ఉంటారు, ఆ సీమలో వ్యవసాయం చేసినవాడికి నీటి మట్టం సంగతి మనం నేర్పక్కర్లేదు. మాట్లాడితే వినండి. మాట్లాడకపోతే పక్కన కూర్చోండి.

రైన్‌గాలి (మే 9)

మొదట రాసిన మాట వెనక్కి తీసుకుంటున్నాను. మీ నాన్నగారికి ఈ ఊరే సరైనది. తొడుక్కోవడానికి గాలి చొరని జాకెట్టు మాత్రం మరిచిపోకండి. గొడుగు ఆ గాలికి నిలవదు.

చిన్నిరైలు (మే 10)

వర్షం పడితే స్పైషర్‌స్టాట్‌లోనే మినియేచర్ వండర్‌లాండ్ ఉంది. 16 కిలోమీటర్లకు పైగా బుల్లి రైలు పట్టాలు, వెయ్యికి పైగా రైళ్ళు. ప్రతి పావుగంటకు హాలు మసకబారి రాత్రవుతుంది, వేల దీపాలు వెలుగుతాయి. విమానాలు నిజంగానే పరుగెత్తి లేస్తాయి. ముందే వేళ కేటాయించుకోవాలి, లేకపోతే గంటలు నిలబడాలి.

ఆదివారం ఉంటే చేపల సంతకు వెళ్ళవచ్చు. 1703 నుంచి సాగుతోంది, వేసవిలో ఉదయం 5 గంటలకే మొదలై 9:30కి ముగుస్తుంది. పళ్ళ బుట్టలు, పూలకుండీలు కూడా అమ్ముతారు. అమ్మగారికి వాసన పడకపోతే మానుకోండి. ఆమెకు ప్లాంటెన్ ఉన్ బ్లోమెన్ ఉద్యానం నచ్చుతుంది. ప్రవేశం ఉచితం, దారులు చదునుగా ఉంటాయి. వేసవి రాత్రుల్లో 10 గంటలకు చెరువు మీద సంగీతానికి రంగునీళ్ళు ఆడతాయి.

కృష్ణాతీరం (జూన్ 24)

నిన్న రాత్రి తిరిగి వచ్చాం. పెద్దలందరికీ నమస్కారం, తమ్ముడికి ఆశీస్సులు. రాస్తానని మాట ఇచ్చాను కాబట్టి రాస్తున్నాను.

మొదటి రోజు సాయంత్రం పోటు వేళ చూసుకొని రేవుకు వెళ్ళాం. వంతెన దాదాపు చదునుగానే ఉంది, అమ్మ నా చెయ్యి పట్టుకోకుండా నడిచింది. రేవు చివర గడియారపు బురుజు ఉంది. దాని మీద నీటి మట్టం చూపే గుర్తు కూడా ఉంది. అది ఏమిటని నాన్న అడిగారు, చెప్పాను. గడియారం వంక చూడకుండా దాని వంకే చూస్తూ నిలబడ్డారు.

62వ నంబరు పడవ మీద మాటలే లేవు. ఒక పెద్ద కంటెయినర్ ఓడ మా పక్క నుంచి వెళ్ళింది, పడవ ఊగింది. అమ్మ కింద కూర్చొని కిటికీలోంచి చూసింది. నాన్న పైన కమ్మీ పట్టుకొని నిలబడి, ఓడ పక్కన తెల్లగా రాసి ఉన్న లోతు అంకెలు పైకి చదివారు.

మరునాడు ఉదయం ఆ మెట్ల దగ్గరికి తీసుకెళ్ళాను. ముందు ఏమీ చెప్పలేదు. కూర్చున్నాం, పప్పుచారు గారు చెప్పిన దాల్చినచెక్క రొట్టె తిన్నాం. ఆ తరువాత చెప్పాను, ఇది కరకట్ట నాన్నా అని. ఆయన రొట్టె కాగితంలో చుట్టి అమ్మకిచ్చి లేచారు. నదివైపు మెట్లు దిగి లెక్కపెట్టుకుంటూ ఎక్కారు. ఊరివైపు మెట్లు దిగి మళ్ళీ లెక్కపెట్టారు. వచ్చి కూర్చొని, "ఎన్ని తెగాయి?" అని అడిగారు. ఏం తెగాయని నేను అడగలేదు. సుమారు అరవై చోట్ల అన్నాను. 5.70 చెప్పాను, 6.45 చెప్పాను. పద్నాలుగేళ్ళు అన్నాను.

చాలాసేపటికి మాట్లాడారు. చిన్నత్త పేరు నాన్న నోట వినడం నాకు అదే మొదటిసారి. ఆమెకు తొమ్మిదేళ్ళట. ఫోటో కూడా లేదు. తాటిచెట్టు ఒక చేత్తో, ఆమెను ఒక చేత్తో పట్టుకున్నారట. ఎంతసేపని చెప్పలేదు. కుడి అరచెయ్యి తెరిచి, దాని వంక చూసి, మళ్ళీ మూసుకున్నారు. "అరిచి లేపినవాడు ఒక్కడుంటే బాగుండేది. మాకు గాలి అని తెలుసు. నీళ్ళు అని తెలియదు" అన్నారు. అమ్మ రొట్టె కాగితం పట్టుకొని అలాగే కూర్చుంది. బందరుకోట గారూ, మీరు చెప్పినట్టే నేను విన్నాను, అంతే.

ఆ మధ్యాహ్నం హాఫెన్‌సిటీలో ఉక్కు తలుపుల దగ్గర చాలాసేపు ఉన్నాం. ఒక కాఫీకొట్టు మనిషి బయటికి వచ్చి, ఈ పెద్దాయన తలుపు మడతబందులు ఎందుకు తడుముతున్నారో అడిగాడు. నేను చెప్పాను. అతను లోపలికి వెళ్ళి వచ్చి తలుపు ఒక్కసారి మూసి చూపించాడు. అంచుకు మందపాటి రబ్బరు పట్టీ ఉంది. నాన్న వేలితో నొక్కి చూశారు. ఒకరి భాష ఒకరికి రాదు, పది నిమిషాలు మాట్లాడుకున్నారు.

లోజెపార్క్‌కు వెళ్ళాం. రాగిఫలకం గారూ, నాన్న పేర్లన్నీ చదవాలన్నారు, చాలావరకు చదివారు. ఆల్స్టర్ ఒడ్డున బల్ల మీద కూర్చొని మదనపల్లె కథ చెప్పాను. అమ్మ సన్నగా జనగణమన పాడింది, నాన్న లేచి నిలబడ్డారు. సంగీత మందిరం ఎస్కలేటర్ అమ్మ భయపడకుండా ఎక్కింది. ఆమెను అడిగితే మాత్రం హాంబర్గ్ అంటే రాత్రి పూట చెరువు మీద ఆడిన రంగునీళ్ళే. రెండు రాత్రులు వెళ్ళాం.

వాళ్ళు ఎక్కేది ఫ్రాంక్‌ఫర్ట్‌లో కాబట్టి ముందు మూడు పెట్టెల పాఠం ఈసారి అవసరపడలేదు, కాని తమ్ముడూ, అది కాగితం మీద రాసి పెట్టుకున్నాను.

ఇప్పుడే నాన్న పక్క గదిలోంచి పిలిచారు, హాంబర్గ్‌లో ఇప్పుడు పోటా, పాటా చూసి చెప్పమని.

బందరుకోట (జూన్ 24)

చెల్లాయి పేరు ఆయన నోటితో చెప్పారంటే చాలమ్మా. మీ నాన్నగారికి అభ్యంతరం లేకపోతే నేనొకసారి ఫోను చేస్తాను. విడిగా రాస్తాను.

గోదారిగట్టు (జూన్ 26)

చర్చ అంతా ఇప్పుడే చదివాను. ఆగస్టులో మా అత్తమామలను తీసుకెళ్తున్నాం. 62వ నంబరు పడవలో ఏ పక్కన కూర్చుంటే బాగా కనిపిస్తుంది?

కృష్ణాతీరం (జూన్ 26)

వెళ్ళేటప్పుడు కుడి పక్క కూర్చోండి, ఇసుక తీరం, కొండవాలు మీది ఇళ్ళు అటే కనిపిస్తాయి. ఓడలు, క్రేన్లు ఎడమ పక్క. వచ్చేటప్పుడు పక్క మారకుండా కూర్చుంటే రెండూ చూసినట్టే. పైకి వెళ్ళే మెట్లు నిటారుగా ఉన్నాయి, అత్తగారిని కింద కిటికీ పక్కన కూర్చోబెట్టండి.